వెట్టిని చూసినవాళ్లు

వెట్టి చాకిరి ఏనాడూ చాటుమాటున జరగలేదు. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల్లో అది పట్టపగలు, చావడి ముందు, నలుగురూ చూస్తుండగానే జరిగింది. దళితవాడ నుంచి ఇంటికొక మనిషి దొర గడిలోనో, పటేలు పట్వారీల ఇళ్లలోనో కూలి లేకుండా పనిచేయాలి. తాలూకా కచేరీకి కాగితాలు మోయాలి, చావడికి కాపలా ఉండాలి, బందెలదొడ్డి చూసుకోవాలి. దొర కచ్చడం బండి కదిలితే దాని ముందొకడు, వెనకొకడు ఊరూరికీ పరుగెత్తాలి. చాకలి బట్టలుతికి మంచాలు మోయాలి. మంగలి రాత్రిపూట దొర కాళ్లు పిసకాలి. కుమ్మరి కుండలు, సాలె బట్టలు, వడ్రంగి కమ్మరులు నాగలి సామాన్లు, గొల్ల గొర్రెపిల్లలు ఉత్తపుణ్యానికి ఇవ్వాలి. గౌండ్ల దొర కోసం తాటిచెట్లు కొన్ని విడిచిపెట్టాలి. దుకాణదారు అధికారుల డేరాకు సరుకులు పంపాలి.

జనగామ చుట్టుపక్కల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సోషల్ చెప్పి రిటైరైన దాన్ని నేను. తెలంగాణ సాయుధ పోరాటం పాఠం వచ్చిన ప్రతిసారీ పిల్లల్ని ఒక ప్రశ్న అడిగేదాన్ని: "ఈ కథలో ఎవరెవరున్నారు?" దొర ఉన్నాడనేవాళ్లు, వెట్టివాళ్లు ఉన్నారనేవాళ్లు, సంఘం నాయకులున్నారనేవాళ్లు. చూస్తూ నిలబడ్డ ఊరు ఎవరి నోటా వచ్చేది కాదు. పాఠ్యపుస్తకంలోనూ దానికి చోటు లేదు. కానీ లెక్కకు అందరికంటే ఎక్కువమంది వాళ్లే. వాళ్లు ఎందుకు ఊరుకున్నారో, ఎప్పుడు కదిలారో, కదిలినప్పుడు ఏం జరిగిందో తెలియకపోతే ఆ కాలం మనకు సగమే తెలిసినట్టు.

పైన చెప్పిన పనుల జాబితాను మళ్లీ ఒకసారి చూడండి. అందులో చూసేవాళ్లు వేరు, పడేవాళ్లు వేరు అన్న గీత తేలిగ్గా దొరకదు. గౌండ్ల తన చెట్లు పోయాయని ఏడుస్తూనే, దొర బండి వెంట పరుగెత్తే మాదిగను చూస్తున్నాడు. సాలె తన పంచెల చాపు పోయిందని కుములుతూనే, గడిలో దెబ్బలు తింటున్న జీతగాడిని చూస్తున్నాడు. ఒక్కొక్కరి మీద ఒక్కో బరువు. ఆ బరువుల్లో హెచ్చుతగ్గులున్నాయి. నా మీద పడ్డది పక్కవాడి మీద పడ్డదానికంటే తక్కువ అన్న ఊరట ప్రతి మెట్టు మీదా ఉంది. దొరతనం జవాన్ల గుత్పకర్రల మీద నిలిచినట్టే ఈ ఊరట మీద కూడా నిలిచింది. అన్నిటికంటే కింద ఉన్న దళితుడికి మాత్రం ఆ ఊరట కూడా లేదు.

మా తాతది జనగామ తాలూకాలోని ఒక పల్లెలో చిన్న కిరాణా దుకాణం. రెవెన్యూ అధికారి గిర్దావరు ఊళ్లో డేరా వేస్తే ఏం జరిగేదో మా బాపమ్మ చెప్పేది. పొద్దు పొడవకముందే ఊరి నౌకరు మస్కూరి వచ్చి తలుపు కొట్టేవాడు. బియ్యం, కందిపప్పు, నెయ్యి, బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు తాత తూచి గంపలో పెట్టేవాడు. లెక్క ఖాతాబుక్కులో ఎక్కేది, పైసలు మాత్రం ఎన్నడో గాని వచ్చేవి కావు. ఆ గంపను వాడ నుంచి వెట్టికి వచ్చిన మనిషి ఎత్తుకునేవాడు. అతడు అరుగు కింద, వాకిట్లో నిలబడేవాడు. గంప నిండేదాకా మాట్లాడేవాడు కాదు. నిండాక వంగి, ఇంకొకరి సాయం లేకుండానే తలకెత్తుకొని పోయేవాడు, ఎందుకంటే సాయం పడితే మైల అనేవాళ్లు మా ఇంట్లోవాళ్లు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా బాపమ్మ కాసేపు ఆగి అనేది: "మా సరుకు పోతున్నదన్న రంధే గని బిడ్డా, ఆయన పొద్దటిసంది ఏమన్న తిన్నడా అని అడిగినోళ్లు లేరు."

ఆ ఒక్క మాటలో ఆ కాలపు మౌనం ఎట్లాంటిదో నాకు అర్థమైంది. అది కర్కశత్వంతో వచ్చిన మౌనం అనడానికి నాకు మనసు రాదు. భయం నిజంగానే ఉంది. దొరకు ఎదురు చెబితే జుర్మానా పడేది. గొడ్లను బందెలదొడ్డికి తోలేవాళ్లు. చాకలి, మంగలి ఆ ఇంటికి పోవద్దని కట్టడి చేసేవాళ్లు. పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ ముగ్గురూ సాధారణంగా దొరకు కావలసినవాళ్లే. సర్కారు కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి కాబట్టి ఏది హుకుం, ఏది దొర నోటిమాట అని తేల్చుకునే వీలు ఊళ్లోవాళ్లకు లేదు. అయినా భయం ఒక్కటే అడ్డమైతే దాటలేని అడ్డమేమీ కాదు. బాపమ్మ చెప్పినట్టు, ఎవరి నష్టం వాళ్ల కళ్లకు అడ్డం పడింది.

చూసినవాళ్లలో మొదటి కదలిక నగరంలో మొదలైంది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని థియేటరులో ఒక సంఘ సంస్కార సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోని కొందరు గేలిచేశారు. ఆ అవమానాన్ని కళ్లారా చూసిన తెలుగువాళ్లు అప్పటికప్పుడు ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దానికి వెన్నెముకగా నిలిచారు. ఎవరో ఒకరికి జరిగిన అవమానాన్ని తమదిగా తీసుకున్న కొద్దిమంది అంతటి సంస్థను నిలబెట్టగలిగారు.

ఆ సంఘం పల్లెల వైపు చూసినప్పుడు ముందుగా కనిపించినవాళ్లలో వర్తకులున్నారు. పర్యటనకు వచ్చే అధికారులకు సరుకులు అప్పనంగా పంపే బాధ నుంచి వాళ్లను తప్పించడానికి సంఘం అర్జీలు పెట్టింది, సర్కారు ఉత్తర్వులు సంపాదించింది, వాటిని తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి పంచింది. అట్లాంటి కాగితమొకటి మా తాత దుకాణానికీ చేరింది. ఆయన దాన్ని గల్లాపెట్టెలో పెట్టుకొని, డేరా నుంచి మనిషి వస్తే తీసి చూపించేవాడట. మెల్లమెల్లగా సరుకుకు పైసలు రావడం మొదలైంది.

వెట్టి మీద కూడా సంఘం రాసింది, అచ్చువేసింది. వెట్టికి హద్దులు పెడుతూ సర్కారు వెలువరించిన హుకుంలు ఉన్నాయని జనానికి తెలియజెప్పింది. కానీ చదువురాని వాడలో ఆ పుస్తకం చదివి వినిపించేవాళ్లు ఎవరు? మా తాతకు చదువొచ్చు. తన కాగితం తాను చదువుకున్నాడు, వాడకు మాత్రం పోలేదు. కాబట్టి సరుకుకు వెల కట్టినా గంప మోసినందుకు కూలి ముట్టలేదు. ఈ సంగతిని నేను మా ఇంటి కథగా మాత్రమే చెప్పడం లేదు. 1920లలోని ఆ కదలిక బలమూ ఇక్కడే ఉంది, బలహీనతా ఇక్కడే ఉంది. చదువుకున్నవాళ్లు, వర్తకులు, చిన్న పట్టాదారులు తమ మెట్టు మీది బరువును దించుకున్నారు. కింది మెట్టు వైపు చూడటానికి ఇంకొక ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ ఇరవై ఏళ్లూ వృథా పోలేదు. చూసినదాన్ని రాసి పెట్టే అలవాటు ఆ కాలంలోనే పుట్టింది. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక మొదలైంది. ఊళ్లో జరిగినదాన్ని ఊరు దాటించి చెప్పుకునే చోటు ఒకటి ఏర్పడింది. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలనే గష్తీ 53 అమల్లో ఉన్న రోజులవి. ఆ అడ్డంకుల నడుమనే, ఆంధ్ర జన సంఘం ఒరవడిలో, 1930 మార్చిలో జోగిపేటలో ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. తర్వాతి సభలు దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాదుల్లో జరిగాయి. సభా వేదికల మీద వెట్టి పేరు వినిపించడం మొదలైంది. తీర్మానాల భాష మెత్తగానే ఉండేది. అయినా అన్యాయానికి నలుగురిలో పేరు పెట్టి పిలవడం చిన్న పని కాదు. పేరు లేనంతకాలం అది "ఊరి ఆచారం"గానే చెల్లిపోయింది.

ఈ దారిలో నాకు అందరికంటే దగ్గరగా అనిపించే మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో పుట్టాడు. చిన్ననాడే ఒక ఉపాధ్యాయుడి ఇంట వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. గడప దగ్గర నిలబడి పుస్తకం అమ్మేవాడికి ఇంటి లోపలి సంగతులూ తెలుస్తాయి, వాకిలి బయటి సంగతులూ తెలుస్తాయి. తాను తిరిగిన ఊళ్లలో చూసిన వెట్టినీ, గడి దౌర్జన్యాన్నీ, జనం తిరగబడటాన్నీ 'ప్రజల మనిషి' నవలగా రాశాడు. అది 1955లో వెలువడింది. చాకిరి చేసిన చేతితోనే సాక్ష్యం కూడా రాసిన మనిషి ఆయన. చూసినవాడికి చదువు అబ్బితే ఏమవుతుందో అడిగిన పిల్లలకు నేను ఆయన పేరే చెప్పేదాన్ని.

ఇక ఒంటరిగా నిలబడితే ఏమయ్యేదో చెప్పడానికి షేక్ బందగీ ఉన్నాడు. జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కాడు. దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి చేతి కింద 60 ఊళ్లు, 40,000 ఎకరాలు ఉన్నాయని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అట్లాంటివాడి మీద బందగీ ఏళ్ల తరబడి దావా నడిపాడు. 1941లో దేశ్‌ముఖ్ మనుషులు అతన్ని దారి కాచి చంపారు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆ దావా సంగతి తెలుసు, అతని మొండితనం మీద గౌరవమూ ఉంది. ఆ గౌరవం అతను బతికుండగా అతని పక్కన నిలబడే బలంగా మారలేదు. చనిపోయాక అదే జనం అతని సమాధి దగ్గర ఏటా ఉర్సు చేస్తూ వచ్చారు. ఆ కథ స్ఫూర్తితోనే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మా భూమి' నాటకం రాశారు. బందగీ సమాధి మీద చాదర్ కప్పిన చేతులు అతని దావాలో సాక్ష్యానికి లేచి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆ చేతులు లేచిన రోజు కొన్నేళ్లకే వచ్చింది. 1941 చిలుకూరు సభతో, 1944 భువనగిరి సభతో ఆంధ్ర మహాసభ పూర్తిగా మారిపోయింది. రెండింటికీ అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. బొల్లేపల్లి భూస్వామి కుటుంబంలో పుట్టి, హరిజన సేవక సంఘంలో పనిచేసి వచ్చిన మనిషి. ఊరు ఊరంతా దానిని ఇక "సంఘం" అనే పిలిచింది. కొలనుపాక నుంచి ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి దంపతులు, ఇంకా ఎందరో పట్టాదారుల బిడ్డలు అందులోకి వచ్చారు. ఊరుకుంటే వాళ్లకు పోయేది ఏమీ లేదు. వెట్టి వాళ్ల ఇంటి గడప తొక్కలేదు. అయినా వచ్చారు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కథ ఇక్కడే నడిచింది. వెట్టికి రమ్మంటే రానన్నది. మల్లంపల్లివాళ్ల భూమి కౌలుకు తీసుకొని సాగుచేసుకుంటున్నది. ఆమె సంఘంలో చేరిందని కక్షగట్టిన విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంటను కాజేయాలనుకున్నాడు. కోతకు వందమంది గూండాలను, వాళ్లతోపాటు కోతకోయడానికి ఇంకో వందమంది ఆడామగా కూలీలను పంపాడు. సంఘంవాళ్లు మూడు పదులకు మించి లేరు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి లాంటి నాయకులే గుత్పలు పట్టుకొని ముందు నడిచారు. నినాదాలు చేస్తూ వస్తున్న వాళ్లను చూసి గూండాలు పారిపోయారు. నాయకులు, వాలంటీర్లు కొడవళ్లు పట్టి పంట కోశారు, కట్టలు మోశారు, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు.

ఈ ఘట్టంలో కాసేపు ఆగాలి. కొడవళ్లతో వచ్చిన ఆ వందమంది కూలీలు ఎవరు? దొర పంపితే కాదనలేక వచ్చినవాళ్లే. ఐలమ్మ మీద వాళ్లకు పగ లేదు, ఆమె పంట మీద ఆశ లేదు. ఆ పొలంలో అందరికంటే ఇరుకున పడ్డవాళ్లు వాళ్లే. వాళ్లకు కావలసిందల్లా కొడవలి దించడానికి ఒక సందు. ఆ కొద్దిమంది వచ్చి ఆ సందు చూపించారు. దౌర్జన్యం చేసేవాడి వెనక నిలబడ్డ గుంపు అంతా దౌర్జన్యం కోరుకునే గుంపు కాదన్నది ఆ పొలం నేర్పిన పాఠం. అందులో సగం మంది ఎవరైనా ఆపితే బాగుండునని ఎదురుచూస్తుంటారు.

ఇంకొకటి. సంఘంవాళ్లు ఐలమ్మ తరఫున మాట్లాడి ఊరుకోలేదు, ఆమె పని చేశారు. పట్టాదారు బిడ్డలు ఒక చాకలి స్త్రీ చేలో వంగి కోసి, ఆమె కట్టలను నెత్తికెత్తుకున్నారు. మా దుకాణం వాకిట్లో గంపకు చెయ్యి వేయడానికి కూడా అడ్డమొచ్చిన మైల అక్కడ తెగిపోయింది. దేశ్‌ముఖ్ కేసులు పెట్టాడు. కోర్టులో ఐలమ్మే గెలిచింది. తర్వాత ఆమె ఇల్లు తగలబెట్టారు, కుటుంబాన్ని హింసించారు. ఆమె మాత్రం ఆ భూమి విడవలేదు. 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది.

1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద గడి నుంచి తూటాలు పేలి దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఐదేళ్ల కిందట బందగీ చనిపోయినప్పుడు ఊళ్లు లోలోపల ఏడ్చాయి. ఈసారి కబురు అందిన ఊరల్లా కదిలి వచ్చింది. వేలమంది గడిని చుట్టుముట్టారు. దేశ్‌ముఖ్ కొడుకు గూండాలను వెంటేసుకొని వస్తే వాళ్లనూ తరిమారు. ఆ వారాల్లోనే ఎన్నో ఊళ్లలో వెట్టి ఆగిపోయింది. మునుపు ఒక ఊరిలో కొడితే ఇంకో ఊరు తలుపు వేసుకునేది. ఆ తలుపులు తెరుచుకోవడం వల్లనే ఆ పని జరిగింది.

తలుపులు తెరవడం అంటే అందరూ గుత్ప పట్టడం అని అర్థం కాదు. మా బాపమ్మ గుత్ప పట్టలేదు. కానీ ఆ ఏళ్లలో పొద్దుగూకాక జొన్నరొట్టెలు చేసి గుడ్డలో కట్టి దుకాణం వెనక గోడ మీద పెట్టేది. ఎవరు తీసుకుపోయేవాళ్లో చూసేది కాదు, అడిగినవాళ్లకు చెప్పేది కాదు. వాటితోపాటు ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు కూడా పెట్టేదాన్నని ఆమె ఎంత ముసలిదైనా మరిచిపోకుండా చెప్పేది. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో ఆ పోరాటంలోని ఆడవాళ్లు చెప్పుకున్న మాటలున్నాయి. అన్నం పెట్టడం, కబురు చేరవేయడం, దాచిపెట్టడం లాంటి పనుల మీద ఆ పోరాటం ఎంతగా నిలబడిందో వాళ్ల నోటనే వినవచ్చు. చూసినవాళ్లు చేయగలిగిన పనులు ఇన్ని రకాలు.

1948 సెప్టెంబరు 17 తర్వాత నిజాం ఏలుబడి పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. కానీ పోలీసుల రక్షణలో చాలామంది దొరలు మళ్లీ ఊళ్లకు వచ్చారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక సంఘం ఊళ్లో లేకుండా పోయింది. చట్టం కాగితం మీద మిగిలింది, చెప్పుకునే చోటు మాయమైంది. అందుకే 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల కూలీలు అదే వెట్టి పోవాలని మళ్లీ ఊరేగింపులు తీయాల్సి వచ్చింది. రాజ్యాంగం వచ్చి అప్పటికి 28 ఏళ్లు. చూసేవాళ్లు నోరు మూసుకుంటే నిషేధించిన ఆచారం కూడా నిక్షేపంగా బతుకుతుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

1976లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఈ సంగతిని కొంత గుర్తించింది. జిల్లాకూ, డివిజనుకూ విజిలెన్స్ కమిటీలు ఉండాలన్నది. అప్పు వెట్టికి ముడిపడ్డది కాదని రుజువు చేసుకునే భారం అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. పని ప్రదేశంలో మహిళల మీద లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం నియమాలు ఇంకో అడుగు వేశాయి. బాధితురాలు తాను ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉంటే, ఆమె రాతపూర్వక సమ్మతితో ఆ సంగతి తెలిసిన ఎవరైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. చూసిన మనిషికి చట్టం ఇప్పుడు ఒక చోటు ఇచ్చింది. ఆ చోటులోకి వెళ్లి నిలబడవలసింది మనమే.

ఇటుక బట్టీలో, హోటల్ వంటింట్లో, ఆస్పత్రి వార్డులో, అద్దాల ఆఫీసులో ఒక మనిషిని ఇంకొక మనిషి తిడుతున్నప్పుడు, జీతం ఎగ్గొట్టినప్పుడు, మీద చెయ్యి వేసినప్పుడు అక్కడ మూడో మనిషి ఉంటాడు. మా తాతకు ఉన్నట్టే అతనికీ భయాలుంటాయి. పై జీతం, ప్రమోషను, ఇంటి కిస్తులు, ఇవన్నీ నిజమైన భయాలే. ఆ మనిషితో ఈ తెలంగాణ చరిత్ర చెప్పే మాట నా దృష్టిలో ఒకటే. నీ ఒక్కడి ధైర్యం కోసం ఎదురుచూడకు, నీలాగే చూసిన రెండో మనిషిని వెతుక్కో. బందగీకి ఆ రెండో మనిషి దొరకలేదు, ఐలమ్మకు దొరికాడు. ఇద్దరి కథలకూ నడుమ ఉన్న తేడా చాలావరకు అదే. రెండో మనిషి దొరికాక మొదట బాధపడ్డవాళ్ల దగ్గరికి పొండి. వాళ్లకేం కావాలో అడగండి. జరిగింది తేదీతో సహా రాసి పెట్టండి. విచారణ వచ్చిన రోజు పేరు చెప్పి, సంతకం చేసి, సాక్ష్యం ఇవ్వండి. మన ముందుతరం ఇంతకంటే చాలా గడ్డు రోజుల్లో, గడి తుపాకుల ఎదుట నిలబడి ఈ పని చేసింది.